డ్రిల్లు మాస్టారి లెక్కల పీరియడు

మా హైస్కూలు అటెండరుగా, ఒక గంట, పదకొండు తాళం చెవులు, రెండు చీపుళ్ళ మీద నాకున్న సర్వాధికారాలతో ఈ కింది విషయాలు ప్రకటిస్తున్నాను. ఒకటి: స్టాఫ్ రూములో కిటికీ పక్కనున్న నీలం ప్లాస్టిక్ కుర్చీలో పదకొండు రోజులపాటు ఎవరూ కూర్చోరాదు. కూర్చున్నా లాభం లేదు. దాని వెనక కాలు విరిగింది, దాన్ని గోడకి ఎలా ఆనించాలో తెలిసిన మనిషి ఒక్కరే. రెండు: మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఎప్పటిలాగే ఇవ్వబడును. మూడు: ఆ కుర్చీ సంగతి తెలిసిన మనిషి, మా డ్రిల్లు మాస్టారు, మొన్న సోమవారం పొద్దున్న పోయారు.

మూడోది ముందు చెప్పాలని నాకూ తెలుసు. నోరు రాలేదు.

కబురు తెచ్చింది ఎస్.కోట నుంచి రోజూ ఘాటు ఎక్కి వచ్చే జీపు డ్రైవరు. ప్రేయరు అయిపోయి పిల్లలు లైన్లలో క్లాసులకు వెళ్తున్నారు. అతను గేటు బయట జీపు ఆపి, దిగకుండానే నన్ను పిలిచాడు.

"మీ డ్రిల్లు మాస్టారు పోయేరంట. పొద్దున్నే టీ తాగేరు, బూట్లు తొడుక్కుంటన్నారు, అలగే ఒరిగిపోయేరంట."

"ఏ బూట్లు?" అని అడిగాను. అదేం ప్రశ్నో నాకే తెలియదు.

"తెల్లయి," అన్నాడు.

మాస్టారు రిటైరై, ఎస్.కోటలో కాపురం పెట్టి రెండేళ్ళయింది. అయినా వారానికి రెండు రోజులు అదే జీపులో పైకొచ్చి, కబడ్డీ కోర్టు గీసి, కిటికీ పక్కన టీ తాగి దిగిపోయేవారు. ఆ సోమవారం కూడా మా దగ్గరికే బయల్దేరారన్నమాట.

ఆయన్ని చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. పొట్టి మనిషి. మోకాలికి పట్టీ, మెళ్ళో ఈల, రెండు చేతులకీ ఎప్పుడూ సున్నం. ఆయన భుజం తట్టిన పిల్లవాడి చొక్కా మీద ఐదు వేళ్ళు తెల్లగా అచ్చు పడేవి. ఇంటికెళ్తే తల్లులు తిట్టేవారు, పిల్లలు మాత్రం ఆ చొక్కా ఓ పట్టాన ఉతకనిచ్చేవారు కాదు. కిందికి బదిలీ ఇస్తామని రెండుసార్లు అన్నా అరకు వదల్లేదు. "కింద గ్రౌండుంటే గుంటలుండరు, గుంటలుంటే గ్రౌండుండదు. ఇక్కడ రెండూ ఉన్నాయి కదరా," అనేవారు. గుంటలంటే మా వైపు పిల్లలు.

గీతల పిచ్చి ఆయనకి. వారానికోసారి కోర్టు చెరిపి మళ్ళీ గీసేవారు. వాన పడితే మళ్ళీ. మబ్బు పట్టినా మళ్ళీ గీస్తారేమో అని నాకు అనుమానంగా ఉండేది, ఎందుకంటే సున్నం బస్తా మోసేది నేను. ఆ కసితోనే ఒకసారి సున్నంలో బియ్యప్పిండి కలిపాను. మధ్యాహ్నానికి చుట్టుపక్కల ఇళ్ళ కోళ్ళన్నీ వచ్చి, కోర్టు చుట్టూ బారులు తీరి, గీతలు పొడుచుకు తింటున్నాయి. నేను వరండా స్తంభం చాటున నవ్వు ఆపుకోలేక చీపురు కొరుకుతున్నాను. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత ఈల ఊది పిల్లల్ని పిలిచారు.

"సూడండర్రా. కోడికి కూడా తెలుసు లైను దాటకూడదని. మీకేటి రోగం?"

సాయంత్రం నా పక్క నుంచి వెళ్తూ, తల తిప్పకుండా, "రేపట్నించి పిండి సగమే కలుపు. కోళ్ళు బలిసిపోతన్నాయి," అన్నారు. ఆ తర్వాత ఆయన మీద నేను వేసిన వేషాలు చాలా ఉన్నాయి. ఒక్కటి తప్ప ఏదీ ఆయన దగ్గర పారలేదు. అలా అని చాలాకాలం అనుకున్నాను.

అసలు సంగతికి వస్తాను. ఎనిమిదేళ్ళ కిందట జూలైలో మా లెక్కల టీచరుకి బదిలీ అయింది. బదులు ఇంకొకరు వస్తారన్నారు. ఆగస్టులో వానలు వచ్చాయి, జలుబులు వచ్చాయి, ఎవరూ అడగని కొత్త బెంచీలు కూడా వచ్చాయి. టీచరు రాలేదు. పదో తరగతిలో ఇరవై నలుగురు. లెక్కల పీరియడుకి నేను గంట కొట్టి వెళ్ళి తొంగి చూస్తే, ఆడపిల్లలు ఒకరి జడ ఒకరు అల్లుకుంటూ, మగపిల్లలు బెంచీల మీద పెన్నులతో క్రికెట్టు ఆడుకుంటూ ఉండేవారు. ఆ ఏడాది మా స్కూల్లో జడలు బ్రహ్మాండంగా ఉండేవి.

వాళ్ళలో ఒక గుంట కబడ్డీ టీముకి కెప్టెను. కొండ అవతల ఊరు. మిగతా సబ్జెక్టులు ఫరవాలేదు, క్వార్టర్లీలో లెక్కలకి ఆరు మార్కులు. ఆ పిల్లకి పది ఎందుకు పాసవాలో స్కూలంతటికీ తెలుసు, ఎందుకంటే అడిగినా అడక్కపోయినా చెప్పేది. వాళ్ళ ఊరికి పోడు భూముల పట్టాల కోసం ఒక సర్వేయరు వచ్చి, అటూ ఇటూ నడిచి, ఏదో రాసుకున్నాడట. "నా బూమి ఎంతొచ్చింది బాబూ?" అని వాళ్ళ నాన్న అడిగితే, "కాగితంలో ఉంటుంది," అని వెళ్ళిపోయాడట. కాగితం వచ్చింది. అందులో అంకెలున్నాయి. అవి ఎంత నేలో ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. ఆ రోజే ఆ గుంట తేల్చుకుంది: ఐ.టి.ఐ.లో సర్వేయరు ట్రేడు చదవాలి. దానికి పది పాసవాలి. పది పాసవాలంటే లెక్కలు పాసవాలి. లెక్కలు చెప్పే నాథుడు లేడు.

ఆటల పోటీలు మా గ్రౌండులో పెట్టారని ఒక రోజు మాస్టారు కోర్టు గీస్తున్నారు. ఆయన దగ్గర ఒక తాడు ఉండేది. పన్నెండు సమభాగాలుగా ముడులు వేసి, రెండు కొసలూ కలిపి కట్టేశారు. ముగ్గురు పిల్లలు మూడు చోట్ల పట్టుకుని లాగాలి. ఒక వైపు మూడు భాగాలు, ఒక వైపు నాలుగు, ఏటవాలుగా ఐదు. బిగించి లాగితే కోర్టు మూల ఎటూ పోకుండా తిన్నగా వస్తుంది. కెప్టెను గుంట ఒక ముడి పట్టుకుని, పెదాలు కదుపుతూ, తాడు వంకే చూస్తోంది.

"మాస్టారూ, ఇది పుస్తకంలో ఉంది," అంది.

"ఏటి పుస్తకంలో ఉంది? తాడా?"

"తాడు కాదు. మూడు మూళ్ళు తొమ్మిది, నాలుగు నాలుగులు పదారు. రెండూ కలిపితే ఇరవై ఐదు. ఐదైదులు కూడా ఇరవై ఐదే. పాత సారు బోర్డు మీద రాసీసి ఎల్లిపోనారు. అప్పుడు మాకేటీ తెలీలేదు."

మాస్టారు చేతిలో సున్నం డబ్బా పక్కన పెట్టి, కోర్టు మధ్యలో చతికిలబడ్డారు. ఆయన కూడా చిన్నప్పుడు లెక్కల్లో తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కిన మనిషే.

"ముప్పై ఏళ్ళు," అన్నారు. "ముప్పై ఏళ్ళ నుంచి ఈ తాడట్టుకుని తిరుగుతన్నాను. ఇది లెక్కలని నాకు ఒక్కడూ సెప్పలేదేటి?"

మర్నాడు హెడ్ మిస్ట్రెస్ మేడం గారి గదిలోకి వెళ్ళారు. నేను పక్కనే అరగంట నుంచి తుడిచిన బీరువానే తుడుస్తున్నాను.

"మేడం, ఆ లెక్కల పీరియడ్లు నాకిచ్చీండి. గ్రౌండులో సెప్తాను."

మేడం గారు మంచావిడే. కాకపోతే కాగితం లేనిదే గాలి కూడా పీల్చరు. "మాస్టారూ, మీరు డ్రిల్లు. ఆర్డరు లేకుండా మీరు లెక్కలెలా చెప్తారు? రేపు ఇన్‌స్పెక్షనుకి వచ్చి అడిగితే ఏం చూపించమంటారు?"

"పాసైన గుంటల్ని సూపించండి."

"ఫెయిలైతే?"

ఆయన ఈల నోట్లో పెట్టుకుని, ఊదకుండా బయటికి వచ్చేశారు.

ఆ శుక్రవారం మేడం గారు మీటింగుకి వెళ్ళినప్పుడు పాడేరులోని పై ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. లెక్కల పోస్టు నిండేదాకా అందుబాటులో ఉన్న టీచరు ఎవరితోనైనా పీరియడ్లు నడిపించమనీ, కాగితం తర్వాత పంపిస్తామనీ అక్కడి సూపరింటెండెంటు గారు చెప్పారు. మేడం గారి టేబులు మీద, వచ్చిన ఫోన్లు రాసే పుస్తకంలో రాసి పెట్టాను. సోమవారం ఆవిడ ఒకసారి చదివి, కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చదివి, పక్కన సంతకం పెట్టారు. డ్రిల్లు మాస్టారికి లెక్కల పీరియడు వచ్చింది.

ఆయనకి లెక్కలు రావు కదా, మరి చెప్పడమెలా? ముందు రోజు సాయంత్రం గైడు ముందేసుకుని తను నేర్చుకునేవారు. నేర్చుకున్నది నాకు చెప్పేవారు. "నీ బుర్రలోకెక్కితే ఇరవై నలుగురికీ ఎక్కినట్టే," అనేవారు. నిజమే. పదో తరగతి లెక్కల్లో నేను మూడుసార్లు తప్పాను. నాలుగోసారికి పుస్తకమే పారేసుకున్నాను.

"స్పర్శరేఖంటే ఏటో సెప్పు."

"గుండ్రానికి చెయ్యి తగిలించి పారిపోయే గీత, మాస్టారూ."

"కూతకెల్లినోడిలాగన్నమాట."

"పట్టుబడకపోతే."

ఎగతాళికి అన్నాను. ఆయన బుద్ధిగా నోట్సులో రాసుకున్నారు. మర్నాడు ఇరవై నలుగురూ అదే చెప్పారు, ఆ తర్వాత ఎవరూ మర్చిపోలేదు. నా ఎగతాళి ఇంత పనికొస్తుందని తెలిసి కొన్నాళ్ళు నాకు ఎగతాళి మీదే విరక్తి పుట్టింది.

కర్ర నీడ, జెండా స్తంభం నీడ కొలిచి స్తంభం ఎత్తు కట్టడం నేర్పారు. పిల్లలకి రుచి తగిలింది. వాటర్ ట్యాంకు కొలిచారు, కాఫీ తోటల్లో సిల్వర్ ఓకు చెట్లు కొలిచారు. ఒక పొద్దున్న ప్రేయర్లో మేడం గారు ప్రతిజ్ఞ చెప్పిస్తుంటే, ఒక గుంట మోకాళ్ళ మీద పాకుతూ వచ్చి ఆవిడ నీడని స్కేలుతో కొలుస్తోంది.

"ఏం చేస్తున్నావే?"

"మీ ఎత్తు, మేడం."

"ఎంతొచ్చింది?"

"ఐదడుగుల రెండంగుళాలు, మేడం."

"మూడు," అన్నారు మేడం గారు.

"అదీ సెప్పుల్తోటే, మేడం."

ఇలా అంతా పండగలా ఉండగా డిసెంబరులో హాఫ్ ఇయర్లీ పరీక్షలు వచ్చాయి. పేపర్లు దిద్దడానికి పక్క స్కూలు లెక్కల సారుకి ఇచ్చారు. ఆయన కట్ట పట్టుకుని స్వయంగా వచ్చాడు. ఇలాంటిది తన సర్వీసులో చూడలేదన్నాడు. దీర్ఘచతురస్రాకారంలో ఒక తోట, పొడవు ఇంత, వెడల్పు ఇంత, వైశాల్యం ఎంత అని ప్రశ్న. మా ఇరవై నలుగురూ తోట గీశారు. తోట మధ్యలో గీత గీశారు. అటూ ఇటూ బోనసు గీతలు కూడా గీశారు. సగం మంది మధ్య గీత దాకానే వైశాల్యం కట్టి ఆపేశారు. ఒకడైతే కింద కారణం కూడా రాశాడు: అవతలి సగం ఎదుటి జట్టుది.

పాసైంది ఐదుగురు. కెప్టెను గుంటకి ఇరవై రెండు.

నాకు నవ్వు వచ్చింది, కానీ ఆ గుంట గుమ్మంలో నిలబడి ఉంది. నవ్వు మింగేశాను.

"ఇంక చాలు మాస్టారూ," అన్నారు మేడం గారు. "ఉన్న మూణ్ణెల్లూ గైడ్లు బట్టీ పట్టిద్దాం. పది మందైనా గట్టెక్కుతారు."

"బట్టీ పడితే పాసవుతాం మేడం," అంది గుంట గుమ్మంలోంచే. "కొలవడం రాదు కదా."

"ముందు పాసవ్వాలి కదమ్మా."

మాస్టారు పేపర్లు ఒక్కొక్కటీ తిప్పి చూశారు. ప్రతి కాగితం మీదా ఆయన వేళ్ళ సున్నం అంటుకుంది. "తప్పు గుంటలది కాదు, మేడం. గీయడం నేర్పేన్నేను. సెరపడం నేర్పలేదు. ఒక్క నెలియ్యండి."

మేడం గారు ఇచ్చారు. కాగితం లేకుండా ఆవిడ ఏదైనా ఇవ్వడం నేను చూసింది అప్పుడే.

జనవరిలో మా దగ్గర తొమ్మిదయినా మంచు లేవదు. పది అడుగుల అవతల మనిషి కనబడడు. ఆ మంచులో పిల్లలు స్వెట్టర్లు తొడుక్కుని, సున్నంతో తోటలు గీసేవారు, చెరువులు గీసేవారు, ఇళ్ళ స్థలాలు గీసేవారు. అలవాటు కొద్దీ మధ్య గీత కూడా గీసేవారు. మాస్టారు ఈల ఊదేవారు. నేను చీపురుతో వెళ్ళి మధ్య గీత ఊడ్చేసేవాణ్ణి. "ఇప్పుడు మొత్తం నీది. కొలు," అనేవారు ఆయన. పిల్లలు కొలిచి, అక్కడే నేల మీద కూర్చుని నోట్సులో రాసేవారు. రోజుకి ఎన్ని గీతలు ఊడ్చానో ఆ దేవుడికే తెలియాలి. నా చీపురు చదువుకి పనికొచ్చిన ఏడాది అది ఒక్కటే.

ప్రీ ఫైనల్లో పంతొమ్మిది మంది పాసయ్యారు. కెప్టెను గుంటకి ముప్పై నాలుగు. పాసు మార్కు ముప్పై ఐదు. ఆ పిల్ల రెండు రోజులు ప్రాక్టీసుకి రాలేదు, మధ్యాహ్న భోజనంలో కంచం ముందు కూర్చుని లేచిపోయేది. మాస్టారు వెళ్ళి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"ఒక్క మార్కంటే ఏటే? కూతలో ఒక్కంగుళం. అంగుళం కోసం సెయ్యి సాపడం నీకు నేను నేర్పాలా?"

గుంట అన్నం కలుపుకుంది.

పబ్లిక్ పరీక్షల సెంటరు అరకు టౌన్లో పడింది. లెక్కల పరీక్ష రోజు ఇరవై నలుగురినీ నేనే నడిపించుకుని తీసుకెళ్ళాను. మాస్టారు అంతకు ముందే వచ్చి ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నారు. ఈల చొక్కా జేబులో దాచుకున్నారు. మూడు గంటల్లో ఏడు టీలు చెప్పి, ఒక్కటీ పూర్తిగా తాగలేదు. కెప్టెను గుంట అందరికంటే ఆఖరున బయటికి వచ్చింది.

"ఏటొచ్చింది?"

"పొలానికి కంచె కట్టాలంట, మాస్టారూ."

"మద్దిలో గీత గీసేవా?"

"గీసేను."

మాస్టారు ఏడో టీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు.

"సెరిపీసేను," అంది గుంట.

రిజల్ట్సు వచ్చిన రోజు మా స్కూల్లో సిగ్నలు వాటర్ ట్యాంకు పక్కన తప్ప లేదు. మేడం గారు ట్యాంకు గట్టెక్కి, ఫోను చెవికి కాదు కళ్ళకి ఆనించి, నంబర్లు ఒక్కొక్కటీ చదివారు. పాస్. పాస్. పాస్. ఇరవై మూడు దాటాక మేడం గారు ఆగి, చీర కొంగుతో ఫోను తుడిచారు. ఇరవై నాలుగు కూడా పాస్. కెప్టెను గుంటకి లెక్కల్లో పదికి ఏడు గ్రేడు పాయింట్లు వచ్చాయి.

మోకాలి పట్టీతో ఆయన పరిగెత్తడం మేమెవరమూ అంతకు ముందు చూడలేదు. గ్రౌండు చుట్టూ, ఈల ఊదుతూ, ఒక కాలు ఈడుస్తూ పరిగెత్తారు. వెనకాల ఇరవై నలుగురు. వాళ్ళ వెనకాల ఏమీ తెలియని ఆరో తరగతి పిల్లలు. మేడం గారు చెప్పులు విడిచి సగం రౌండు పరిగెత్తారు. గంట కొట్టాల్సినవాణ్ణి నేను, ఆ వేళ గంట ఆపడం మర్చిపోయాను. ఊళ్ళోవాళ్ళు ఏమైందోనని బిందెలతో సహా పరిగెత్తుకొచ్చారు.

ఆ గుంట ఇప్పుడు గ్రామ సర్వేయరు. పోయిన ఏడాది డ్యూటీ మీద వాళ్ళ ఊరికే వెళ్ళి, వాళ్ళ నాన్న భూమి కొలిచింది. సోమవారం ఎస్.కోటలో మాస్టారిని సాగనంపి వస్తుంటే నాకు చెప్పింది. ఆ ఇరవై నలుగురిలో పదిహేడు మంది వచ్చారు ఆ రోజు, ఒకడు రైల్వే యూనిఫారంలోనే వచ్చాడు.

"రెండెకరాలు నానా అన్నాను, బాబాయ్. ఎకరమంటే ఎంతే అన్నాడు. నలబై రెండు కబడ్డీ కోర్టులు, మనకి ఎనబై నాలుగు అన్నాను. ఊరంతా తిరిగి సెప్పుకున్నాడు. నా బూమ్మీద ఎనబై నాలుగు ఆటలు ఒక్కపాలే ఆడొచ్చు అని."

మాస్టారి గురించి నాలుగు ముక్కలు రాయమని స్కూలు పత్రికవాళ్ళు అడిగితే ఇది రాశాను. ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ పైన రాసినవాటిలో ఒకటి పూర్తిగా కల్పితం. పాడేరు నుంచి ఫోను రాలేదు. ఆ శుక్రవారం ఆఫీసు ఫోను మోగనే లేదు. సూపరింటెండెంటు గారు లేరు, చెప్పిన మాటా లేదు. పుస్తకంలో రాసిందంతా నా సొంత కవిత్వం. ఎన్నో వేషాలు వేశాను గానీ, నవ్వు రాకుండా వేసింది అదొక్కటే. దీనికి నాకు మెమో ఇస్తారంటే ఇవ్వండి. టైపు అయ్యాక గదుల వెంట తిప్పి సంతకాలు చేయించేది ఎలాగూ నేనే.

మాస్టారికి చెప్పలేదు. చెబితే మర్నాడే పీరియడు మానేసే మనిషి. పాడేరు వెళ్ళొచ్చినప్పుడల్లా ఆ సూపరింటెండెంటు గారు కనబడలేదని బాధపడేవారు. బదిలీ అయిపోయారని ఒకసారి, సెలవులో ఉన్నారని ఒకసారి చెబుతూ వచ్చాను. రిటైరైన రోజు గ్రౌండులో సభ పెట్టాం. అందరికీ థాంక్సు చెప్పాక ఆయన మైకు పక్కకి జరిగారు.

"నాకు లెక్కల పీరియడిచ్చిన మహానుబావుణ్ణి నేనెప్పుడూ సూడలేదు. ఆయనెక్కడున్నా ఇదిగో నా దండం," అని పాడేరు రోడ్డు వైపు తిరిగి, సున్నం చేతులు రెండూ జోడించారు.

ఆ వైపు టీ గ్లాసుల ట్రేతో నేను నిలబడి ఉన్నాను. దండానికి అడ్డమెందుకని రెండడుగులు పక్కకి జరిగాను. ఆయన చేతులు కూడా నాతోపాటే పక్కకి తిరిగాయి.